తుమ్మమొద్దు తొర్ర

పశువుల కొట్టం వెనక, గడ్డివాము పక్కన చుక్కమ్మ అనే కోడిపెట్ట ఐదు పిల్లలతో కాపురముండేది. కంచె దాటి నాలుగడుగులు వేస్తే ఓ ఎండిపోయిన తుమ్మమొద్దు, దానికో తొర్ర.

ఓనాడు గుంటనక్క అటుగా పోతూ పలకరించింది. “వదినా, ఆ తొర్రలో జొన్నలున్నాయి, చూశావా?”

చుక్కమ్మ చూసింది. నిజమే, మూడు గింజలు! మర్నాడు వెళితే ఏమీ లేవు. సాయంత్రం ఒకటుంది. తర్వాత రెండ్రోజులు ఖాళీ, మూడోనాడు గుప్పెడు. ఇక చుక్కమ్మకు కాలు నిలవలేదు. చూసి వచ్చిన మరుక్షణమే ‘ఈపాటికి పడి ఉంటాయేమో’ అనిపించేది.

“అమ్మా, చలేస్తోంది, రెక్క కింద పెట్టుకోవా?” అంది చిన్నపిల్ల.

“ఒక్కసారి చూసొస్తా తల్లీ!”

ఓ ముసురుపూట చుక్కమ్మ తల తొర్రలో ఉండగా, నక్క వాము చాటునుంచి పిల్లల మీదికి దూకింది. కొట్టంలోంచి ముసలెద్దు గంగన్న కొమ్ములు విసురుతూ వచ్చేసరికి తోక ముడిచి పారిపోయింది.

చుక్కమ్మ పరిగెత్తుకొచ్చింది. పిల్లలు ఎద్దు పొట్టకింద తడిసి వణుకుతున్నాయి.

“పిలిచామమ్మా. నీకు వినబడలేదు,” అంది చిన్నది.

చుక్కమ్మ కుమిలిపోయింది. “ఇక్కడ గింజలకు కొదవేముంది తాతా? అయినా నా కాళ్లెందుకలా లాగాయి?”

“రోజూ దొరికితే నీకే విసుగొచ్చేది,” అన్నాడు గంగన్న. “ అసలు దొరక్కపోతే మరిచిపోయేదానివి. ఉందో లేదో తెలియదు చూడు, అదే లాగింది. నక్క కావాలనే గింజలు ఒకనాడు వేసి, ఒకనాడు మానేసింది. ఏడవకమ్మా.”

“మళ్లీ లాగితే?”

“లాగుతుంది. అప్పుడు పిల్లల్ని దగ్గరికి తీసుకుని కాసేపు ఓర్చుకో.”

మర్నాడు పొద్దున్నే లాగింది. చుక్కమ్మ లేచింది, కంచెవైపు రెండడుగులు వేసింది, ఆగింది. వెనక్కి వచ్చి రెక్కలు పరిచి పిలిచింది. ఐదూ దూరాయి. చిన్నదాని గుండె తన గుండెకానుకుని టకటకా కొట్టుకుంటుంటే, కంచె అవతలి సంగతి కాసేపు మనసుకు రాలేదు.

నక్క మాత్రం తొర్రనిండా జొన్నలు పోసి, పొద చాటున కూర్చుంది. ‘ఇప్పుడొస్తుందేమో’ అని తొంగిచూడటం, వెనక్కి తగ్గడం, మళ్లీ చూడటం. వేటకు పోవడం మానేసింది. పక్కటెముకలు తేలాక, జొన్నల్ని పిచ్చుకలకొదిలేసి అడవిదారి పట్టింది.

నీతి: ఏదో దొరుకుతుందేమోనని పదేపదే తొంగిచూసే కళ్లకు, పక్కనున్న తనవాళ్లు కనబడరు.