తలకిందుల మనిషి

హుస్సేనప్ప దర్గాకు వచ్చింది నాలుగు రోజులు మనశ్శాంతిగా ఉందామని. వచ్చినవాడు వచ్చినట్టే ఉండిపోయాడు. ఎండాకాలం పోయి వానాకాలం వచ్చింది గానీ, మనశ్శాంతి మాత్రం రాలేదు.

పీర్ల పండక్కి మొక్కుకుంటే పుట్టాడని వాళ్ళ నాయన ఆ పేరు పెట్టాడు. ఆదోనిలో చిన్న టైలరు కొట్టు. మనిషి మంచివాడు. ఎంత మంచివాడంటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఏమడిగినా కాదనలేడు. అతని కష్టమంతా అక్కడ మొదలైంది.

కూతురు మహేశ్వరి ఇంటర్ పాసైన రోజు, సంతోషం పట్టలేక, "నిన్ను నర్సింగు చదివిస్తా తల్లీ" అని మాటిచ్చాడు. ఆ వారంలోనే అక్క ఉరుకుందమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె పూర్ణం నింపిన వేడివేడి ఓళిగ మీద నెయ్యి పోసి తమ్ముడికి పెట్టి, "పిల్లను మా బసవరాజుకు ఇస్తావు కదరా?" అంది. మేనరికం. అడిగింది తల్లిలా పెంచిన అక్క. నోట్లో ఓళిగ. "నీకు కాక ఇంకెవరికిస్తానక్కా" అనేశాడు హుస్సేనప్ప.

రెండు మాటలూ ఒకేరోజు భార్య సుంకమ్మ చెవిన పడ్డాయి. "రెంట్లో ఏది నిజం?" అని ఆమె నిలదీసింది.  తెల్లవారి హుస్సేనప్ప సంచిలో రెండు చొక్కాలు కుక్కుకుని, ఊరవతల గుట్టమీదున్న దర్గాకు వచ్చి, అక్కడుండే జలీల్ బాబా ముందు కూలబడ్డాడు.

"సామీ, నాకు దారి చూపించండి."

"చూపిస్తాలే. ముందు ఈ బియ్యంలో రాళ్ళు ఏరు" అన్నాడు బాబా.

బాబా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. శుక్రవారం వచ్చిన జనమందరికీ అన్నం పెడతాడు. మిగతా రోజుల్లో ఆ అన్నానికి కావలసిన పనులు చూసుకుంటూ ఉంటాడు.

అలా ఉండగా విదేశీ యాత్రికురాలెవరో గుట్ట ఎక్కి వచ్చి, పోతూపోతూ ఒక కార్డుల పెట్టె బాబాకు కానుకగా ఇచ్చి వెళ్ళింది. టారో అంటారట. వాటిని చూసి జాతకం చెప్పుకుంటారట. బాబా నాలుగు కార్డులు తిప్పి చూసి, "బొమ్మలు బాగుండాయి" అని పెట్టెను కిటికీలో పెట్టేశాడు.

హుస్సేనప్ప దాన్ని వదల్లేదు. ఫోనులో వీడియోలు చూసి ఆ విద్య నేర్చుకున్నాడు. ఇంటినుంచి వచ్చే ఫోన్లు ఎత్తడానికి లేని ఛార్జింగు ఈ వీడియోలకు ఎక్కణ్ణుంచి వచ్చేదో మరి. బొమ్మలకు తనే పేర్లు పెట్టుకున్నాడు. పిడుగు పడ్డ గోపురం, రథమెక్కిన రాజు, లాంతరు ముసలాయన, చెట్టుకు ఒంటికాలితో వేలాడే తలకిందుల మనిషి. కార్డు తిరగబడి పడితే అర్థం కూడా తిరగబడుతుందని తెలిశాక, అతనికి ఆ విద్య మీద గౌరవం మరింత పెరిగింది.

కొద్దిరోజుల్లోనే పేరొచ్చింది. శుక్రవారం జనం అన్నానికి ముందు హుస్సేనప్ప దగ్గర వరుస కట్టేవాళ్ళు. అతను గోడకానుకుని, చాప మీద కార్డులు పెట్టుకుని, దొరలా కూర్చునేవాడు. నియమాలు గట్టివి. ప్రశ్న ఒక్కసారే అడగాలి. కార్డు ఒక్కటే తీస్తాడు. నచ్చలేదని ఇంకోటి తీయమంటే కుదరదు.

బోరు వేయించాలా వద్దా అని తిక్కన్న అనే ముసలి రైతు వస్తే, పిడుగు పడ్డ గోపురం వచ్చింది.

"వద్దు" అన్నాడు హుస్సేనప్ప.

"ఇంకొక్కటి తియ్యి నాయనా, నీకు పుణ్యముంటాది."

"పెద్దాయనా, బొమ్మ ఒక్కసారే మాట్లాడుతుంది. మనకు నచ్చేదాకా దాంతో వాగించకూడదు."

తిక్కన్న మొహం వేలాడేసుకుని పోయాడు. అన్నదమ్ముల తగాదాతో వచ్చినవాడికి, "ఈరోజే పోయి ఎదురుగా కూర్చుని మాట్లాడు" అని చెప్పాడు హుస్సేనప్ప. అత్తతో మాటల్లేని కోడలికి, "దాచిపెట్టిన మాట పుండులాంటిది, చెప్పెయ్యమ్మా" అన్నాడు. వాళ్ళు దండం పెట్టి వెళ్ళారు. వాళ్ళ పనులు బాగుపడ్డాయి కూడా.

తన సంగతి వచ్చేసరికి ఈ నియమాలన్నీ గాలికి పోయేవి. రోజూ పొద్దున్నే దర్గా వెనక గోడచాటున కూర్చుని, "ఇంటికి పోవాలా?" అని ఒక కార్డు తీసేవాడు. రథమెక్కిన రాజు వచ్చేవాడు. పొమ్మనే కదా అర్థం. "నేను సరిగ్గా అడగలేదు" అనుకుని, "పోతే బాగుంటుందా?" అని ఇంకోటి తీసేవాడు. అదీ పొమ్మంటే, "పోకుండా ఉంటే ఏమవుతుంది?" అని మరోటి. "అసలు ఇలా అడగడం సబబేనా?" అని ఇంకోటి. ఎప్పటికో లాంతరు ముసలాయన వచ్చేవాడు. ఆయన కొండమీద ఒంటరిగా నిలబడి ఉంటాడు. గుట్టమీదే ఉండిపొమ్మని అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారు? హుస్సేనప్ప తృప్తిగా కార్డులు సర్దేసుకుని టీ తాగడానికి వెళ్ళేవాడు.

ఒకరోజు బాబా అడిగాడు. "ఈ పొద్దు ఏం చెప్పినాయప్పా నీ బొమ్మలు?"

"ఉండమన్నాయి సామీ."

"ఎన్నో బొమ్మ?"

హుస్సేనప్పకు దగ్గు వచ్చింది.

అయినా పేరు వచ్చిన మనిషి ఊరుకోలేడు. ఒక బుధవారం నాడు బాబా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సామీ, నాకు విద్య పట్టుబడింది. జనాలకు మేలు జరుగుతుండాది. సంసారం వదిలేసి ఇక్కడే ఉండిపోతాను. మీరు సరే అనండి చాలు."

బాబా వెల్లుల్లి ఒలుస్తున్నాడు. తలెత్తలేదు.

"శుక్రవారం దాకా ఆగు" అన్నాడు.

శుక్రవారం ఏముందని హుస్సేనప్ప అడగలేదు. బాబా సరేనంటాడని అతనికి నమ్మకం.

శుక్రవారం వచ్చింది. వరుస పొడుగ్గా ఉంది. తిక్కన్న కూడా మళ్ళీ వచ్చి ముందువరసలో కూర్చున్నాడు. కాస్త పక్కగా బాబా చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాడు. హుస్సేనప్ప కళ్ళు మూసుకుని కార్డులు కలుపుతూ, "ఊ, తరవాత ఎవరమ్మా?" అన్నాడు.

"నేను సామీ."

ఆ గొంతు వినగానే హుస్సేనప్ప పంచప్రాణాలూ పైనే పోయాయి. కళ్ళు తెరిచాడు. ఎదురుగా సుంకమ్మ. చిక్కిపోయింది. కొంగు నడుముకు బిగించుకుని, పరాయి మనిషి ముందు కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చుంది.

"నువ్వా..."

"సామీ, మీరు బాగా చెప్తారంట. మా ఊరంతా అనుకుంటుండారు. నాదొక్కటే ప్రశ్న. ఒక్కసారే అడుగుతాను."

వరసలో ఉన్నవాళ్ళు చెవులు రిక్కించారు. శుక్రవారం దాకా ఎందుకు ఆగమన్నాడో అర్థమై, హుస్సేనప్ప బాబా వైపు చూశాడు. బాబా బియ్యం వైపు చూస్తున్నాడు.

"మా ఇంటాయన ఇద్దరికి రెండు మాటలిచ్చి యాడికో పోయినాడు సామీ. ఆదివారం మా ఆడబిడ్డ తాంబూలాలు తీసుకుని వస్తాది. సోమవారం కాలేజీలో పాపను చేర్చడానికి ఆఖరి రోజు, నాయన వచ్చి సంతకం పెట్టాలంట. పాప అన్నం సరిగ్గా తింటం లేదు. నాయన వస్తాడామ్మా అని రోజూ అడుగుతాది. నేనేం చెప్పాల? ఆయన వస్తాడా, రాడా?"

మొదట వెటకారంగానే మొదలుపెట్టింది గానీ, చివరికి వచ్చేసరికి ఆమె నిజంగానే అడుగుతోంది.  కార్డులు హుస్సేనప్ప చేతిలోంచి జారిపోతున్నాయి. ఎలాగో చాప మీద పరిచాడు. సుంకమ్మ ఎడంచేత్తో ఒకటి ముట్టుకుంది. అతను తిప్పాడు.

చెట్టు. చెట్టుకు తాడు. తాడుకు ఒక కాలు కట్టించుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, తలకిందులుగా వేలాడుతూ ఒక మనిషి. అంత అవస్థలోనూ మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది.

సుంకమ్మ ముందుకు వంగి చూసింది.

"అచ్చం ఆయనే" అంది.

వరస వరసంతా నవ్వింది. హుస్సేనప్ప చెమట తుడుచుకున్నాడు. "ఇది... కార్డులు సరిగ్గా కలవలేదు. ఇంకోటి తీస్తాను."

"ఏందీ!" తిక్కన్న లేచి నిలబడ్డాడు. "నేను బతిమాలితే తీయనంటివే! బొమ్మ ఒక్కసారే మాట్లాడతాదని చెప్పింది నువ్వు కాదా? నా బోరుకొక న్యాయం, మీ ఇంటికొక న్యాయమా?"

"మీ ఇంటికి" అనడంతో అందరికీ సంగతి అర్థమైపోయింది. నిజానికి ముందే అర్థమైంది, మర్యాదకు ఊరుకున్నారంతే.

"సామీ!" అన్నాడు హుస్సేనప్ప. ఆ పిలుపులో విద్యా లేదు, పేరూ లేదు. ఏడుపొక్కటే ఉంది.

బాబా చేట పక్కన పెట్టి లేచాడు. చేతులు దులుపుకుంటూ వచ్చి చాప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కార్డు వైపు కాసేపు చూశాడు. తరవాత రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని, కింది భాగం పైకి వచ్చేలా తిప్పి, హుస్సేనప్ప ముందు పెట్టాడు.

ఇప్పుడు చెట్టు తలకిందులైంది. మనిషి నిటారుగా ఉన్నాడు. ఒక కాలు మడిచి, ఇంకో కాలి మీద నిలబడి, ఎక్కడికో బయలుదేరబోతున్నట్టున్నాడు.

"నిలబడినాడు కదా. ఇంక నడవమను" అన్నాడు బాబా.



"కాలికి తాడుండాది కదా సామీ" అన్నాడు హుస్సేనప్ప, చిన్నగా.

"కట్టినోడు యాడుండాడో వెతుకు."

హుస్సేనప్ప వెతికాడు. కార్డును కళ్ళ దగ్గరికి తెచ్చుకుని నాలుగు మూలలూ చూశాడు. చెట్టు ఉంది, తాడు ఉంది, ఆ మనిషి ఉన్నాడు. బొమ్మలో ఇంకెవరూ లేరు.

అతను కార్డు కింద పెట్టాడు. లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. గోడ పట్టుకుని లేచాడు. జేబులోంచి ఫోను తీసి, సుంకమ్మ ముందే, అంతమంది ముందే, అక్కకు ఫోను కలిపాడు. 

"అక్కా, నేను. తాంబూలాలు తేవద్దు. పాప నర్సింగు చదువుతాది. నీకిచ్చిన మాట నేను తప్పుతున్నాను. తప్పు నాది, సుంకమ్మది కాదు, పాపది కాదు. తిట్టు."

 అవతల నుంచి ఉరుకుందమ్మ గొంతు ఫోనులోంచి దర్గా అంతా వినిపించింది.

"ఒరే! నువ్వు నా తోడబుట్టినోడివేనారా? ఓళిగలు తినేటప్పుడు యాడికి పోయిందిరా ఈ నోరు? ఇన్నాళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావు? ముందే చెప్పింటే నేనేమన్నా నిన్ను తినేద్దునా? బసవరాజుకు ఏమని చెప్పాలిరా నేను? నువ్వు రా ఇంటికి, నీ సంగతి..."

హుస్సేనప్ప వేలు ఫోను ఆపే ఎర్రగుర్తు మీదికి పోయింది. పోయి, ఆగింది. అతను ఫోనును మళ్ళీ చెవికి ఆనించుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా, "ఊ, అక్కా... ఊ" అంటూ నిలబడ్డాడు.

సుంకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కానీ కానీ" అంది. "ఆమెవి అయినాక నావి ఉండాయి."

తిట్లు ఆగలేదు. వరసలో ఒక్కరూ కదల్లేదు. తిక్కన్న మెడ చాచి మరీ వింటున్నాడు. బాబా కూడా కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. ఆ తరవాత చాప మీది కార్డులన్నీ ఒక్కటొక్కటే ఏరి పెట్టెలో పెట్టి, మూత వేశాడు.

"బాగుండాది. ఈ తిట్లకు అర్థం చెప్పేటోళ్ళు అక్కర్లేదు" అన్నాడు.