పరంజ్యోతి మాస్టారి రేసు సైకిలు

తర్కశాస్త్రం చెప్పే అనంతలక్ష్మమ్మ గారు శిష్యులు అడిగిన ప్రశ్నకు అడిగిన పూటే జవాబు చెప్పరు. "ప్రశ్న కూడా పప్పులాంటిదే, కాస్త నాననివ్వాలి" అంటారు.

ఆ రోజు ఫణీంద్ర అడిగిన ప్రశ్న ఇది. ఒక సంగతి మనకు తెలియడానికి దారులున్నాయి కదా. కంటితో చూడటం ఒకటి, చూసినదాన్ని బట్టి ఊహించడం ఒకటి, నమ్మదగిన మనిషి చెబితే వినడం ఇంకొకటి. మొదటి రెండింటితో అతనికి పేచీ లేదు. మూడోదే మింగుడు పడలేదు. "ఎవరో అన్న మాటని తీసుకొచ్చి, కంటితో చూసినదాని పక్కన పీట వేసి కూర్చోబెడతారేమిటండీ? ఉత్త మాటకి అంత బరువెక్కడిది?" అన్నాడు.

ఆవిడ పుస్తకం మూసి, "పరంజ్యోతి మాస్టారింటికి పోదామన్నావుగా, పద" అని చెప్పులేసుకున్నారు.

పరంజ్యోతి మాస్టారు విజయనగరంలో ఒక బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర పాతకాలపు స్టీలు రేసు సైకిలు ఒకటుంది. వంపు తిరిగిన హ్యాండిలు, సన్నటి చక్రాలు, ముదురాకుపచ్చ రంగు. అలాంటి బండి కోసం ఫణీంద్ర చాలాకాలంగా వెతుకుతున్నాడు. వీడియోలు చూసి దాని ఒంట్లో ఎక్కడేముంటుందో కంఠతా పట్టాడు. వాటిలోనే ఇంకో విద్య కూడా అబ్బింది. పాత బండి ఎంత నచ్చినా పైకి తేలకూడదు. ముందొక వంక పెట్టాలి, బేరం ఆ తర్వాత.

"నా దగ్గర చదువుకుంటున్నాడు మాస్టారూ" అని ఒక్క మాట చెప్పి అనంతలక్ష్మమ్మ గారు అరుగు మీద కూర్చున్నారు. మాస్టారు సైకిలు బయటికి తెచ్చి తువ్వాలుతో సీటు తుడిచారు.

"మా అమ్మాయి సువార్త దీని మీదే పందేలకెళ్ళేది బాబూ. తొక్కేవాడికైతే ఇస్తాను. గోడకి తగిలించుకుని ఫొటోలు దిగేవాడికి మాత్రం చచ్చినా ఇవ్వను."

ఫణీంద్ర వంగి, చట్రాన్ని వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది. హ్యాండిలు కింది గొట్టం అతుకు దగ్గర వెంట్రుకంత గీత కనిపించింది. గోటితో గీకితే రంగు పొట్టులా లేచింది. కింద ఇనుము నున్నగా ఉంది. బండి బంగారంలా ఉందని అతనికి అక్కడే తెలిసిపోయింది. నాలుక మాత్రం నేర్చిన పాఠం అప్పజెప్పింది.

"అయ్యో, ఇక్కడ పగులుందండీ. స్టీలుని లోపల తుప్పు తినేసినట్టుంది. వేగం మీద విరిగిందంటే మనిషి మిగలడు."

ఇక ధర దిగుతుందని ఎదురుచూశాడు. మాస్టారు ధర ఊసే ఎత్తలేదు. గొంతుక్కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ అతుకును తడిమి తడిమి చూశారు.

"నాకేం కనపడటం లేదు నాయనా. రోజూ తుడిచేది నేనేగా!"

"అలవాటైన కంటికి ఆనదండీ."

"అంతేనేమో. అమ్మగారి శిష్యుడివి, నీకు కల్లలాడే పనేముంది?" అంటూ ఆయన నేల మీదే చతికిలబడ్డారు. ఎవరితోనో అన్నట్టు అన్నారు. "ఐతే ఆ రోజు మా సువార్త పడింది దీనివల్లేనన్నమాట. వంతెన దిగుతూ పడింది. భుజం విరిగింది, పందేలు మానేసింది. చక్రం పక్కకి లాగేసింది నాన్నా అని మొత్తుకుంటే, నీ తప్పు బండి మీదకి తొయ్యకే అని నలుగురిలో తిట్టాను." ఆయన జేబులో ఫోను వెతుక్కున్నారు. "బొబ్బిల్లో ఉంది. ఇప్పుడే చెబుతాను, తప్పు నాదేనమ్మా అని."

ఫణీంద్రకు చెవులు భగ్గుమన్నాయి. "వద్దండీ! అది పగులు కాదు. రంగు లేచిందంతే. బేరం కోసం అలా అన్నాను."

మాస్టారు తలెత్తి చూశారు. తిట్టి ఉంటే అతను నిలబడగలిగేవాడు. ఆయన చేయి చాచి అతని మోకాలు తట్టారు.

"ముసలాడు బాధపడుతున్నాడని మాట మారుస్తున్నావు. మంచి పిల్లాడివే."

"కాదండీ, ఒట్టు! ఇదే నిజం."

"ఇందాక ఉందన్నదీ నువ్వే, ఇప్పుడు లేదంటున్నదీ నువ్వే. నేను దేన్ని పట్టుకోను చెప్పు?"

"తొక్కి చూపిస్తానుండండి" అని ఫణీంద్ర సీటు మీద చెయ్యి వేశాడు. మాస్టారు దిగ్గున లేచి హ్యాండిలు రెండు చేతులా పట్టేసుకున్నారు.

"వద్దు. నీ డబ్బూ వద్దు, ఈ బేరమూ వద్దు. రేపు నీకేమన్నా అయితే మీ అమ్మకి నేనేం చెప్పుకోను?"

సైకిలును నడిపించుకుంటూ లోపలికి తీసుకుపోయి గొళ్ళెం పెట్టి వచ్చారు. ఫణీంద్ర ఆయన మొహంలోకి చూడలేకపోయాడు. చేతులు జోడిద్దామనుకుని, దానికీ ధైర్యం చాలక ఊరుకున్నాడు. అనంతలక్ష్మమ్మ గారు మెట్లు దిగుతూ, "పగులు సంగతి ఎలా ఉన్నా, అమ్మాయికి ఫోను మాత్రం చెయ్యండి మాస్టారూ" అన్నారు.

వీధి మలుపు దాకా అతను ఆవిడకు ఒక అడుగు వెనకే నడిచాడు. చివరికి అడిగాడు.

"అమ్మగారూ, బండి బాగానే ఉందని మీరొక్క మాటంటే ఆయన నమ్మేవారు కదండీ?"

"నమ్మేవారే" అన్నారావిడ, నడక ఆపకుండానే. "కానీ నేను సైకిలు వైపు చూడనేలేదు నాయనా. నిన్నే చూస్తూ కూర్చున్నాను."