భల్లయ్య వేసిన టంకం చుక్క

అనగనగా, అడవి మృగాలు సైతం పెట్రోలు పొదుపు గురించి ముచ్చటించుకునే రోజుల్లో, ఒక సింహరాజు ఉండేవాడు. ఆయన కొలువు ముందు చక్కటి పచ్చిక, దాన్ని కోయడానికి ఒక ఇంజను యంత్రం ఉండేవి. జింకలు మేసేస్తే పోయేది కదా అంటారా? రాజుగారి పచ్చిక మీద మూతి పెట్టే ధైర్యం ఎవరికుంది నాయనా!

యంత్రాన్ని నడిపేది చెవులపిల్లి. బాగుచేసేది ఎలుగు భల్లయ్య. మోటారు సైకిళ్ళకు మైలేజీ పెంచడంలో భల్లయ్యది అందెవేసిన చెయ్యి. ఆ ఊపులోనే ఒకనాడు యంత్రం కార్బురేటర్ విప్పాడు. పెట్రోలు దిగే సన్నటి రంధ్రంలో టంకం చుక్క వేసి, దాన్ని ఇంకా సన్నం చేశాడు.

"ఇక పెట్రోలు సగం ఆదా ప్రభూ!" అన్నాడు.

రాజు మురిసిపోయి శాలువా కప్పాడు. ఎలా చేశావని ఎవరూ అడగలేదు, భల్లయ్యా చెప్పలేదు.

మర్నాటి నుంచే యంత్రానికి పూనకం పట్టుకుంది. గుర్రుమని లేస్తుంది, అంతలోనే నీరసపడుతుంది, మళ్ళీ లేస్తుంది. పచ్చికేమో ఎలుకలు కొరికిన గుడ్డలా తయారైంది.

భల్లయ్య పెట్రోలు మార్చాడు. ఉహూఁ. ప్లగ్గు గీకి బిగించాడు. ఉహూఁ. చివరికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి దిష్టి తీశాడు. నిమ్మకాయలు నలిగాయిగానీ పూనకం దిగలేదు. తన టంకం చుక్క వల్లే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదని అప్పటికే ఆయనకు తెలిసిపోయింది. చెబుదామంటే శాలువా అడ్డొచ్చింది.

సింహరాజు చెవులపిల్లి మీద విరుచుకుపడ్డాడు. "రోజూ నడిపేది నువ్వే కదా! పొద్దుగూకేలోగా అడవి విడిచి పో!"

"చంటిపిల్లలతో ఎక్కడికి పోను మహాప్రభో? భల్లయ్య మామా, నువ్వైనా చెప్పు, నేనేం చేశాను?"

భల్లయ్య తల వంచుకున్నాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అని తనను తానే తిట్టుకున్నాడు. అయినా మాట్లాడలేదు.

సాయంత్రం చెవులపిల్లి పిల్లల్ని వెంటేసుకుని భల్లయ్య గుమ్మంలోకి వచ్చింది.

"నీ పానా నా దగ్గరే ఉండిపోయింది మామా. ఇచ్చి పోదామని వచ్చాను. ఏమైనా తప్పుగా మాట్లాడి ఉంటే మనసులో పెట్టుకోకు."

భల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆ పానా పట్టుకునే కొలువుకు పరుగెత్తాడు. శాలువా తీసి రాజు పాదాల దగ్గర పెట్టాడు.

"పాడుచేసింది నేనే ప్రభూ. పోవలసింది నేను."

అందరూ చూస్తుండగా కార్బురేటర్ విప్పి, సన్నటి సూదితో టంకం పెకలించాడు. తాడు లాగగానే ఇంజను ఒకే గొంతుతో మోగింది.

రాజు శాలువా చేతిలోకి తీసుకున్నాడు. "నిజం చెప్పావు, అడవిలోనే ఉండు. చెవులపిల్లీ ఎక్కడికీ పోనక్కర్లేదు. శాలువా కూడా తీసుకో" అన్నాడు.

భల్లయ్య దాన్ని భుజాన వేసుకోలేదు. తీసుకెళ్ళి చెవులపిల్లి పిల్లలకు కప్పాడు. ఆమె "పోనీలే మామా" అంది. అయినా ఆ కళ్ళలోకి చూడలేక నేల చూపులు చూస్తూ ఇంటిదారి పట్టాడు.

చేసిన తప్పు వెంటనే ఒప్పుకుంటే సిగ్గు ఒక్కపూట. ఇంకొకరి నెత్తిన రుద్దితే బతికినంతకాలం.