బైపాస్ మీద ఎదురుకోలు

భావనారాయణ మాస్టారి దగ్గర పటాలు గీయడం నేర్చుకోవాలంటే ముందు ఆయన మౌనాన్ని భరించడం నేర్చుకోవాలి. ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. "చూద్దాం" అంటారు. సర్వే శాఖలో ఉద్యోగం విరమించాక ఊళ్ళో ఒక మేడమీద గది తీసుకుని, చేలనీ చెరువుల్నీ రోడ్లనీ కంప్యూటర్లోకి ఎక్కించే విద్య పిల్లలకి నేర్పుతున్నారు. పొడవెంత, వెడల్పెంత అని ఆయన పెద్దగా అడగరు. దీని పక్కన ఏముంది, దీని లోపల ఏముంది, ఇక్కణ్ణుంచి దేనిలోకి దారుంది, ఇవే అడుగుతారు. చెరువు కాస్త వంకరగా వచ్చినా క్షమిస్తారు గానీ, చెరువులో ఉండాల్సిన దిబ్బని తెచ్చి గట్టు అవతల పెడితే మాత్రం ఆ పూట ఆయన కాఫీ ముట్టరు.

ఆయన శిష్యుల్లో హైమ చురుకైనది. చురుకుతోపాటు తొందర కూడా దండిగా ఉంది. ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, ప్రతిదీ ఎక్కడుందో అంగుళం తేడా రాకుండా పెట్టేస్తున్నాం కదండీ. చోటు తెలిశాక ఏది దేనితో కలిసిందో మళ్ళీ వేరే రాయడం దేనికండీ? రెండు రోడ్లు ఒకే చోటికొస్తే కలిసినట్టే కదా!"

ఆమె విసుగుకి కారణం ఉంది. పటంలో రెండు రోడ్లు కలిసే చోట ఒక చుక్క పెట్టాలి. చుక్క ఉంటే ఈ రోడ్డు మీంచి ఆ రోడ్డుకి తిరగొచ్చని కంప్యూటరుకి అర్థమవుతుంది. లేకపోతే గీతమీంచి గీత దాటిపోయిందనుకుంటుంది. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ కూడదో ఒక్కొక్కటీ కనుక్కుని పెట్టమంటారు మాస్టారు. గీతలు దాటిన ప్రతిచోటా దానంతటదే చుక్క పెట్టే సదుపాయం కంప్యూటర్లోనే ఉండగా ఈ చాకిరీ ఎందుకని హైమ బాధ. అందుకే ఆ వారం అన్నయ్య పెళ్ళికి దారి పటం తయారుచేస్తూ, ఆ సదుపాయానికి ఎదురుగా ఒక్క టిక్కు పెట్టి చేతులు దులుపుకుంది.

మాస్టారు ఆ పటాన్ని చూసి, "వెళ్ళి చూసొచ్చావా?" అన్నారు.

"ఆకాశంలోంచి తీసిన ఫొటోలో స్పష్టంగా ఉందండీ. బైపాసూ, వేగివారిలంక రోడ్డూ ఇక్కడే కలుస్తున్నాయి. ఎదురుకోలు కూడా ఇక్కడే పెట్టుకోమని ఎర్రగుర్తు పెట్టి రెండువైపుల వాళ్ళకీ పంపేశాను."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పెళ్ళి బస్సులో నాకో చోటుంటుందా?" అని మాత్రం అడిగారు.

పెళ్ళినాటి సాయంత్రం మగపెళ్ళివారి బస్సు బైపాస్ మీద హాయిగా పరిగెత్తింది. ముహూర్తం గోధూళి వేళకి. ముందు సీట్లో పెళ్ళికొడుకు చక్రధర్, వెనక ఫలహారాల పొట్లాలు, అన్నిటికంటే వెనక అంత్యాక్షరి. పటంలో ఎర్రగుర్తు దగ్గరికి రాగానే హైమ చేతిలోని ఫోను, గమ్యం చేరారని ఎంతో సంతోషంగా చెప్పింది. బస్సు ఆగింది. ఎదురుకోలుకి రావలసిన ఆడపెళ్ళివారు లేరు. ఊరు లేదు, రోడ్డు లేదు, అటూ ఇటూ గాలి తప్ప ఏమీ లేదు.

"ఎడమకి తిరగమంటోందమ్మా నీ పటం. తిరిగితే తిన్నగా కిందికే," అన్నాడు డ్రైవరు.

హైమ నాన్నగారు ఆడపెళ్ళివారికి ఫోను చేశారు. పెళ్ళికూతురి మేనమామ కామరాజు గారు ఎత్తారు. "మేం వచ్చి చాలాసేపయిందండీ. ఎర్రగుర్తు మీదే నించున్నాం. మీరెక్కడున్నారు?"

"మేమూ దాని మీదే ఉన్నామండీ బావగారూ!"

అంతలో కాళ్ళ కింద ఎక్కడో సన్నాయి మొదలైంది. అందరూ దిగి పిట్టగోడ దగ్గరికి పరిగెత్తారు. తొంగిచూస్తే, వంతెన కింద, సరిగ్గా తమ కిందే, వేగివారిలంక రోడ్డు మీద మేళం, పన్నీరు బుడ్లు, పానకం బిందెలు, పట్టుచీరలు. వాళ్ళు దారి కేసి చూస్తున్నారు. పైకి చూడాలని ఎవరికి తోస్తుంది? రెండు రోడ్లూ ఒకే చోటికి వచ్చిన మాట నిజమే గానీ, ఒకదాని మీంచి ఒకటి వెళ్ళిపోతోంది.

కిందికి దిగాలంటే చాలా దూరం పోయి చుట్టు తిరిగి రావాలి. చుట్టు తిరిగి నేరుగా పందిట్లోకి వెళితే ముహూర్తం అందుతుంది. అక్కడికెళ్ళాక ఎదురుకోలు మొదలుపెడితే అందదు. పోనీ ఎదురుకోలు మానేద్దామా అంటే నాయనమ్మ వీరరాఘవమ్మ గారు అప్పటికే చేతికర్ర నేలకి తాటించారు.

"ఎదురొచ్చి పిలవకుండా, గుక్కెడు పానకం నోట్లో పడకుండా ఆ ఊళ్ళో నేను కాలు పెట్టను. పెళ్ళి మీరు చేసుకు రండి, నేనిక్కడే కూచుంటాను."

నాయనమ్మ లేకుండా చక్రధర్ తాళి కట్టడు. అందరి చూపులూ హైమ మీదికి తిరిగాయి. దిక్కుతోచక మాస్టారి వైపు చూసింది. ఆయన పిట్టగోడ మీదికి వంగి కామరాజు గారికి చెయ్యి ఊపుతున్నారు.

కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తల ఎత్తిన హైమకి బస్సు మీద పెట్టెలకి కట్టిన తాడు కనబడింది.

"డ్రైవరు గారూ, ఆ తాడు విప్పండి! కామరాజు మావయ్య గారూ, పానకం బిందె తాడుకి కట్టండి, మేం లాగుతాం!"

కింద పెద్ద గోల. తాడు దిగింది. బిందె మెడకి మూడు నాలుగు చుట్లు పడ్డాయి. చక్రధర్ పట్టుపంచె ఎగ్గట్టి మరీ లాగాడు. బిందె గిరగిరా తిరుగుతూ పైకొస్తుంటే పానకం చిందులు డోలు వాయించేవాడి నెత్తిన పడ్డాయి. అతను వాయింపు ఆపలేదు, నాలిక మాత్రం చాపాడు. పన్నీరు బుడ్డీ అలాగే పైకొచ్చింది. పైనుంచి పన్నీరు, కిందినుంచి పాటలు. కామరాజు గారు గొంతు చించుకుని వియ్యాలవారి పేర్లన్నీ పిలిచి మరీ ఆహ్వానించారు. బైపాస్ మీద పోయే లారీలు కూడా ఆగి చూశాయి.

మొదటి గ్లాసు నాయనమ్మకి ఇచ్చింది హైమ. ఆవిడ తాగి, మూతి తుడుచుకుని, ఆలోచించి, "నా పెళ్ళిలో నడిచొచ్చారు. వీడి పెళ్ళిలో ఎగిరొచ్చారు. మర్యాదకేం లోటు లేదు," అన్నారు. అని, పెళ్ళికూతురికి తెచ్చిన పూలజడ బుట్టని తన చేత్తోనే తాడుకి కట్టించి కిందికి దింపించారు. బుట్ట అందుకున్న ఆడవాళ్ళ కేకలు వింటుంటే హైమకి గుండెల మీంచి బరువు దిగిపోయి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మాస్టారు రెండో గ్లాసు పానకం తాగుతున్నారు. హైమ ఫోనులో పటం తెరిచి ఆయన పక్కకి వచ్చి నిలబడింది.

"నా ప్రశ్నకి జవాబు దొరికిందండీ. ఇక్కడి చుక్క తీసేస్తున్నాను," అంది తలవంచుకుని.

మాస్టారు పిట్టగోడ మీంచి కిందిదాకా బిగువుగా వేలాడుతున్న తాడుని చూశారు.

"అప్పుడే తియ్యకమ్మా," అన్నారు. "తాడు విప్పనీ."