పిస్తా రంగు కారు నడిపిందెవరు

అనగనగా సముద్రానికి ఆనుకుని ఒక ఊరుండేది. దాని పేరు విశాఖపట్నం. ఆ ఊళ్ళో వరహాలమ్మ అని ఒక మామ్మ ఉండేది. తలంతా ముగ్గుబుట్ట. గొంతు మాత్రం గంటలా ఖంగుమనేది. చాలా ఏళ్ళు ఆసుపత్రుల్లో నర్సుగా చేసింది కదా, ఎంత మొండి రోగి అయినా ఆవిడ "నోరు తెరు" అంటే తెరవాల్సిందే.

ఉద్యోగం మానేశాక ఆవిడ మధురవాడలో కూతురి దగ్గర ఉంటోంది. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మనవరాలు ఇందుజ ఫోను పట్టుకుని వచ్చి పక్కన కూచుంది.

"అమ్మమ్మా, ఇది చూడు. మన వైజాగేనట. ఎవరో ఓడలో వచ్చిన తెల్లాయన ఎప్పుడో తీసుకున్న సినిమా. వాళ్ళ మనవలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టారు."

వరహాలమ్మ కళ్ళజోడు తుడుచుకుని చూసింది. చూసి, అలా ఉండిపోయింది.

ఎందుకంటావా? ఆ సినిమా రంగుల్లో ఉంది మరి! వాళ్ళ కాలం ఫోటోలన్నీ నలుపూ తెలుపే. వాటినే చూసీ చూసీ, తన చిన్నతనం కూడా బూడిద రంగులోనే గడిచిందన్నట్టు ఆవిడ మనసులో స్థిరపడిపోయింది. ఇప్పుడు చూస్తే మెయిన్‌రోడ్డు మీద ఎర్ర బస్సు వెళుతోంది. దాని వెనకే ఆకుపచ్చ టాపు వేసిన రిక్షా. నల్లగా నిగనిగలాడే అంబాసిడర్లు. నెత్తిన అరటి గెల పెట్టుకుని రోడ్డు దాటుతున్న ఒకావిడ, ఆవిడ కట్టుకున్న నారింజ రంగు చీర. రోడ్డు చివర నీలంగా సముద్రం.

"అమ్మమ్మా, మీ కాలంలో కూడా ఇన్ని రంగులుండేవా?" అంది ఇందుజ.

"ఇంతకంటే ఎక్కువుండేవి. ఆ తెల్లాయన సగమే తీశాడు," అంది వరహాలమ్మ.

అప్పుడు ఆ సినిమాలో ఒక కారు వచ్చింది. బుల్లి ఫియెట్టు. పిస్తా రంగు. లోపల తెల్ల చీరల్లో ఇద్దరమ్మాయిలు ముందు సీట్లో కూచున్నారు. వెనక సీట్లో చేతికి కట్టుతో ఒక పెద్దావిడ. ఎండ తగిలి ముందు అద్దం ధగధగ మెరిసింది. ఆ మెరుపు పోయేలోగా కారు దాటిపోయింది.

"ఆగు! ఆపు! అది నేనే!" అని అరిచింది వరహాలమ్మ. వంటింట్లోంచి కూతురు పరిగెత్తుకుని వచ్చింది.

అసలు సంగతేమిటంటే, వరహాలమ్మ నర్సు చదువు చదివేటప్పుడు వాళ్ళకి మార్తమ్మ గారని ఒక డాక్టరమ్మ ఉండేది. ఆవిడ మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. పురుళ్ళు పొయ్యడానికి ఇల్లిల్లూ తిరగాలి, కారేమో నడపలేదు. అప్పుడు తన దగ్గర చదువుకుంటున్న ఇద్దరమ్మాయిల్ని పిలిచి కారు నేర్పింది. ఒకమ్మాయి వరహాలు. రెండో అమ్మాయి మెహరున్నీసా. ఒక కంచంలో తిని ఒక మంచం మీద పడుకున్న స్నేహం వాళ్ళది. ఆ రోజుల్లో ఆడపిల్లలు కారు నడపడమంటే మాటలా? వీధిలో జనం నిలబడి చూసేవాళ్ళు.

ఆ తర్వాత వరహాలుకి శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. మెహరు పెళ్ళి చేసుకుని వన్‌టౌన్‌లో కాపురం పెట్టింది. ఉత్తరాలు కొన్నాళ్ళు నడిచాయి. పిల్లలు పుట్టారు, ఉత్తరాలు తగ్గాయి. చివరికి ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉంటున్నారు కూడా. రేపు వెళదాం, వచ్చే వారం వెళదాం అనుకుంటూనే ఏళ్ళు దొర్లిపోయాయి.

ఆ కారుని చూశాక వరహాలమ్మకి ఇంక ఇంట్లో కాలు నిలవలేదు. చీర మార్చుకుంది. ఇందుజని వెంటేసుకుని బస్సెక్కింది.

వన్‌టౌన్‌లో దిగాక మెహరు ఇల్లెక్కడని ముందు బట్టల కొట్లో అడిగింది. తెలీదన్నారు. అప్పుడు బేకరీలో అడిగింది. కొత్తగా వచ్చాం, తెలీదన్నారు. ఆ తర్వాత వాచీలు బాగుచేసే తాతని అడిగింది. ఆయన కంటికి పెట్టుకున్న అద్దం కూడా తియ్యకుండా వేలు పైకి చూపించాడు.

"నర్సమ్మ మెహరే కదా? ఆ పచ్చ కిటికీ మేడ."

వరహాలమ్మ మేడ మెట్లెక్కింది. లోపల మంచం మీద పల్చటి మనిషి ఒకావిడ గోడకి ఆనుకుని కూచుని ఉంది. మూల వాకరు ఉంది, అదే, పట్టుకుని నడిచే స్టాండు. దాని మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి.

"ఏమే మెహరూ," అంది వరహాలమ్మ.

మంచం మీది మనిషి కాసేపు చూసింది. "ఇప్పుడా రావడం! నీ దుంప తెగ!" అంది. ఇద్దరూ ఒకళ్ళ మెడ ఒకళ్ళు కావలించుకుని ఏడ్చారు. ఏడ్చి, మళ్ళీ నవ్వారు.

కాఫీలయ్యాక ఇందుజ ఫోనులో సినిమా పెట్టింది. ఎర్ర బస్సు పోయింది. రిక్షా పోయింది. పిస్తా రంగు కారు వచ్చింది. మెహరమ్మ కళ్ళు ఇంతింతయ్యాయి.

"అరే, నేనే! చూడమ్మా పాపా, నేను ఎంత బాగా నడుపుతున్నానో!"

వరహాలమ్మ చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. "నువ్వా? నడిపేది నేను. నువ్వు పక్కన కూచున్నావు."

"నేను పక్కన కూచోడమేమిటే? మెయిన్‌రోడ్డు మీద ఎప్పుడూ నేనే నడిపేదాన్ని. నీకు రిక్షాలంటే భయం."

"నాకు భయమా! గేదె అడ్డమొస్తే స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకున్నదెవరు?"

ఇందుజ సినిమా మళ్ళీ పెట్టింది. మళ్ళీ మళ్ళీ పెట్టింది. అద్దం మీద ఎండ తప్ప మొహాలు కనపడితేనా! పైగా ఇద్దరివీ ఒకలాంటి తెల్ల చీరలాయె, ఒకలాంటి జడలాయె. మాటా మాటా పెరిగింది. వరహాలమ్మ లేచి చెప్పులేసుకుంది.

"నీకు మతి పోయింది మెహరూ!"

"నీకు ఎప్పుడు ఉంది గనక!" అని లోపల్నించి వినపడింది.

బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ వరహాలమ్మ బుసలు కొడుతూనే ఉంది. అయితే పడుకోబోయే ముందు ఆవిడకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. వాకరు మీద తువ్వాళ్ళు ఎందుకున్నాయి?

రెండోసారి మాడుగుల హల్వా కొనుక్కుని వెళ్ళింది. అలిగిన స్నేహితురాలు హల్వా ముక్క నోట్లో పడగానే మెత్తబడింది. మెహరమ్మ కొడుకు సాదిక్ అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. అతను వరహాలమ్మని పక్కకి పిలిచి మెల్లిగా చెప్పాడు.

"అమ్మీ పోయిన ఏడాది స్నానాల గదిలో పడిపోయిందండీ. తుంటికి ఆపరేషన్ చేశారు. అంతా అతుక్కుంది, నడవమంటున్నారు డాక్టర్లు. తను మాత్రం మంచం దిగి గుమ్మం దాకా వస్తుంది, మెట్లు చూసి వెనక్కి వెళ్ళిపోతుంది. మేమేం చెప్పినా వినదు."

నడవని కాలు నడకే మర్చిపోతుందని వరహాలమ్మకి తెలుసు. అలా మంచానికే అంటుకుపోయిన మనుషుల్ని ఎంతమందిని చూసింది!

వెళ్ళి మంచం పక్కన కూచుంది. "పద మెహరూ, కిందకి దిగుదాం. నేనున్నాగా," అంది.

"వద్దే. పడితే మళ్ళీ లేవను." మెహరమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. మొన్న కారు గురించి దెబ్బలాడిన మనిషి ఈవిడేనా అనిపించింది.

అప్పుడు వరహాలమ్మకి తట్టింది. మొన్న ఆ కళ్ళల్లో వెలుగొచ్చింది బుజ్జగిస్తే కాదు, పోట్లాడితే! సరే, పోట్లాటే పెట్టుకుందాం అనుకుంది.

ఆ ఊళ్ళోనే నూకరాజు అని ఒకాయన ఉన్నాడు. పాత కార్లంటే ఆయనకి ప్రాణం. వాటిని ముద్దుగా తుడిచి, నడిపి, పెళ్ళి ఊరేగింపులకి ఇస్తాడు. వరహాలమ్మ వెళ్ళి ఆయనకి సినిమా చూపించింది. ఇద్దరు ముసలమ్మల గొడవంతా చెప్పింది.

నూకరాజు పడీ పడీ నవ్వాడు. "పిస్తా రంగు లేదు గానీ మామ్మగారూ, మీగడ రంగు ఫియెట్టుంది. మరి నడపగలరా?"

"లైసెన్సు ఉంది. చూపూ ఉంది. శ్రీకాకుళంలో ఆసుపత్రి జీపు నడిపినదాన్ని. పక్కన కూచుని నువ్వే చూడు," అంది వరహాలమ్మ.

మూడోసారి ఆవిడ మేడెక్కలేదు. పచ్చ కిటికీ కింద నూకరాజు చేత కారు ఆపించి హారను నొక్కింది. పేం... పేం... వాచీల తాత బయటికొచ్చాడు. బేకరీవాళ్ళు బయటికొచ్చారు. చివరికి పచ్చ కిటికీ తెరుచుకుంది.

"ఏటే ఆ గోల!"

"ఏమీ లేదు మెహరూ. కారు నడపడం నాకే వచ్చని ఈ వీధిలో అందరికీ చూపిద్దామని వచ్చాను. నువ్వు కిటికీలోంచి చూడు, చాలు."

కిటికీ ధడాలున మూసుకుంది. లోపల ఏదో జరిపిన చప్పుడు. తువ్వాళ్ళు కిందపడ్డాయి కాబోలు. కాసేపటికి మేడ మీద గుమ్మంలో వాకరు కనపడింది, దాని వెనక మెహరమ్మ. పక్కన సాదిక్ చేతులు చాపుకుని, ముట్టుకోవాలా వద్దా తెలీక నిలబడ్డాడు.

వరహాలమ్మ పరుగున మెట్లెక్కి, ఒక మెట్టు కిందగా ఎదురు నిలబడింది. ఇప్పుడు గొంతులో పోట్లాట లేదు. పాత నర్సమ్మ గొంతు.

"వాకరు వాడికిచ్చెయ్. కమ్మీ పట్టుకో. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఊఁ, వెయ్యి."

మెహరమ్మ కమ్మీ పట్టుకుంది. వేసింది. ఇంకోటి వేసింది. మెట్లు మలుపు తిరిగే చోట ఆగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది.

"నావల్ల కాదు వరాలూ. వెనక్కి పోతాను."

సాదిక్ ముందుకు రాబోయాడు. వరహాలమ్మ చేత్తోనే ఆపింది.

"వెళ్ళు. వెళ్ళి పడుకో. మెయిన్‌రోడ్డు మీద నడిపింది వరాలేనని ఊరంతా చెప్పుకుంటుంది."

మెహరమ్మ ఆవిడ వంక కొరకొరా చూసింది. కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత ఇంకెక్కడా ఆగలేదు. కింద నేల మీద పాదం ఆనగానే వాచీల తాత చప్పట్లు కొట్టాడు. మెహరమ్మ చుట్టూ చూసింది. ఎండ, గాలి, బేకరీలోంచి రొట్టెల వాసన. ఏడాదిగా కిటికీలోంచి చూసిన వీధి ఇప్పుడు కాళ్ళ కింద ఉంది. ఆవిడ పెదవులు అదిరాయి. అయినా ఏడవలేదు.

"ఏదీ కారు?" అంది.

నూకరాజు వాళ్ళని సముద్రం వైపున్న ఒక పెద్ద మైదానానికి తీసుకెళ్ళాడు. మనిషి లేడు, గేదె లేదు. ముందు వరహాలమ్మ స్టీరింగు పట్టుకుంది. కారు గుర్రున లేచి టక్కున ఆగింది. మళ్ళీ లేచి మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే.

మెహరమ్మ నవ్వడం మొదలెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. అమ్మీ అలా నవ్వి ఎన్నాళ్ళయిందోనని సాదిక్ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"క్లచ్చి వదలడం ఇప్పటికీ రాలేదు నీకు! దిగు, దిగు!"

అప్పుడు మెహరమ్మ స్టీరింగు ముందు కూచుంది. నూకరాజు పక్కన కూచున్నాడు. స్టీరింగు కిందున్న గేరు కర్ర మీద ఆవిడ చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి దానంతటదే కదిలింది. కారు వెన్నలా జారి, మైదానం చుట్టూ పెద్ద గుండ్రం తిరిగి, వరహాలమ్మ ముందు వచ్చి ఆగింది.

వరహాలమ్మ ఊరుకుంటుందా? మళ్ళీ ఎక్కింది. ఈసారి ఆవిడ కూడా బండిని ఎక్కడా ఆపకుండా, ఒక్క కుదుపు లేకుండా తిప్పింది. ఆ తర్వాత మెహరమ్మని పక్కన కూచోపెట్టుకుని, నూకరాజునీ సాదిక్‌నీ వెనక సీట్లో కుక్కుకుని, మెయిన్‌రోడ్డు మీదికే తీసుకెళ్ళింది.

రోడ్డంతా మారిపోయింది. ఎర్ర బస్సు లేదు. ఆకుపచ్చ టాపు రిక్షా లేదు. ఆటోలూ స్కూటర్లూ, ఇంతెత్తు బోర్డులూ. "మన వీధేనంటావా?" అంది మెహరమ్మ.

"మనం వచ్చాంగా, ఇంకెవరిదౌతుంది?" అంది వరహాలమ్మ, హారను కొడుతూ.

పొద్దు వాలే వేళకి పచ్చ కిటికీ మేడ దగ్గరికి వచ్చారు. మెహరమ్మ మెట్ల వంక ఒకసారి చూసింది. సాదిక్ చెయ్యి అందించబోతే వద్దంది.

"వరాలూ, రేపు కూడా వచ్చి దింపు," అంది. రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగింది. "ఎల్లుండి రావొద్దు. నేనే దిగి, మీ ఇంటికి వస్తాను."

అన్నట్టే వచ్చింది కూడా! కర్ర పట్టుకుని మధురవాడ బస్సు దిగింది.

ఏమిటీ, సినిమాలో కారు నడిపిందెవరా? ఏమో తల్లీ! ఇద్దరినీ అడిగితే ఇద్దరూ "నేనే" అంటారు. రోజూ కలుసుకుంటారు, రోజూ పోట్లాడుకుంటారు, రోజూ కలిసి హల్వా తింటారు. ఇంక కళ్ళు మూసుకో మరి.

కథేమో కంచి దారి పట్టింది,
కారేమో షెడ్డులో కునుకు పెట్టింది,
కడలేమో అలలతో జోకొట్టింది,
మా తల్లి కంటికి నిద్ర పట్టింది.