ఊదిన నీళ్లు

మెహర్ పోయి నలభై రోజులు దాటినా, ఆమె పెంచిన ఆర్కిడ్ మొక్క ఇంకా నీళ్లు అడుగుతూనే ఉంది. చెల్లెలు తస్లీమాకి అలాగే వినిపించేది.

మాట కాదది. నాలుక పిడచకట్టిన మనిషి చేసే చప్పుడు. కుండీ ఉన్న కిటికీ దగ్గర్నుంచే వచ్చేది. ఆస్పత్రిలో ఆఖరి రెండు రోజులూ మెహర్ ఒక్క చుక్క, ఒక్క చుక్క అని బతిమాలింది. పేగుకి చిల్లు పడింది, చుక్క దిగినా ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టర్లు. పక్కన కూర్చున్నది తస్లీమా. ఇవ్వలేదు. మూడో రోజు పొద్దున, పగిలిన పెదాలతోనే అక్క పోయింది.

ఆ మొక్కని చంకనేసుకుని తస్లీమా కొండ కింది తకియాకి వచ్చేసింది. ఆ సూఫీ మఠానికి పెద్ద హుసేన్‌బీ. డెబ్బై దాటిన మనిషి, మాట తక్కువ. శిష్యులంతా నానీ అని పిలిచేవాళ్లు.

అక్కడ జబ్బుపడ్డవాళ్లకి, నయం కావాలని దువా చదివి ఊదిన నీళ్లు ఇస్తారు. తస్లీమా రోజూ ఐదు నమాజుల తర్వాతా గ్లాసు నీళ్ల మీద ఊది మొక్కకి పోసేది. ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. వాలినకొద్దీ దాహమేమోనని ఇంకో గ్లాసు పోసింది. కుండీ అంచు దాటి రెండు వేర్లు పాకాయి. తెల్లగా, చేతివేళ్లలా. ముందు కిటికీ ఊచ పట్టుకున్నాయి. తర్వాత ఆమె నమాజు చాప వైపు తిరిగాయి. భయపడి వాటిని కుండీలోని తడి కొబ్బరిపీచులోకి కుక్కేసింది. వారం తిరక్కుండా మళ్లీ బయటికొచ్చాయి, చాప వైపే.

ఆ మధ్యాహ్నం కుండీ తెచ్చి నానీ ముందు పెట్టి వాదనకి దిగింది. ఒక్క పూట తప్పలేదు, ఊదేటప్పుడు మనసు పక్కకి పోలేదు. లోపం నా దువాలో ఉందా, మీరు నేర్పిన పద్ధతిలో ఉందా, తేల్చండి అంది. నానీని అలా నిలదీసినవాళ్లు తకియాలో లేరు.

నానీ కుండీని వంచింది. నల్లటి నీళ్లు కారాయి. గదంతా కుళ్లు వాసన. మొక్కని పైకి లాగితే వేర్లు జావలా చేతికంటుకున్నాయి. కత్తెరని మంట మీద కాల్చి, కుళ్లినవన్నీ ఒక్కొక్కటే కత్తిరించింది. కత్తిరించినప్పుడల్లా తస్లీమా కళ్లు మూసుకుంది. చివరికి రెండు వేర్లు మిగిలాయి. బయటికి పాకినవే.

మళ్లీ కుళ్లకుండా గాట్లకి దాల్చినచెక్క పొడి అద్ది, మొక్కని వెదురుబుట్టలో పెట్టి, వసారాలో నీడకి, గాలికి వేలాడదీసింది.

"నీళ్లెప్పుడు పొయ్యాలి నానీ?"

"నేను చెప్పినప్పుడు. అందాకా కింద కూర్చో."

కూర్చుంది. చేతిలో పనిలేకుండా, ఆస్పత్రిలో కూర్చున్నట్టే. వేర్లు వెండిరంగుకి ఆరుతున్నాయి. ఐదో రోజు ఒక వేరు కొసన ఆవగింజంత పచ్చదనం కనిపించింది. నానీ చూసి తలూపింది. నీళ్లు మాత్రం ఇంకా వద్దంది.

ఆ సాయంత్రమే బుట్టలోంచి చప్పుడు మళ్లీ మొదలైంది. ఈసారి మాటే.

ఒక్క చుక్క, తస్లూ.

ఆ పేరుతో పిలిచేది లోకంలో మెహర్ ఒక్కతే. తస్లీమా గ్లాసు నింపి లేచింది. నానీ ఆమె మణికట్టు పట్టుకుంది.

"అదంతా నా భ్రమ అని చెప్పండి నానీ. ఆగిపోతాను."

నానీ బుట్ట వైపు చెవి ఒగ్గి, అవతలి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగినట్టు ఆగింది.

"నాకూ వినిపిస్తోంది బిడ్డా," అంది. "వేర్లు ఆరనీ."

తస్లీమా చాలాసేపు గ్లాసుతో అలాగే నిలబడింది. తర్వాత దాన్ని కింద పెట్టి, బుట్ట కిందే కూర్చుంది.

"అడుగక్కా," అంది. "ఇక్కడే ఉన్నాను."