శుక్రవారం గోలెం

హేమసుందర్‌కి వచ్చిన కష్టం ఏమిటంటే, అతను చెప్పేది పెదగుజ్జువలసలో అందరికీ అర్థమయ్యేది. దోమలు మాత్రం తగ్గేవి కావు.

అతను విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్య విద్య చెప్పే కొత్త లెక్చరర్. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చెయ్యమని చెప్పాల్సింది అతని గురువు, ప్రొఫెసర్ సన్యాసిరావు. పేరుకే సన్యాసి. ఇంట్లో భార్య, నలుగురు పిల్లలు, జేబులో ఎప్పుడూ ఒక అరటిపండు. జీవితమంతా పాఠం చెప్పి ఆయన తయారుచేసిన శిష్యులు జిల్లా జిల్లాలోనూ దోమల వెంటపడి తిరుగుతున్నారు. వాళ్ళలో కొందరిని దోమలు కూడా గుర్తుపడతాయని చెప్పుకుంటారు.

హేమసుందర్ ఊరికి వచ్చినప్పుడల్లా ఒకటే మాట. వాడుకనీళ్ళ గోలేలు ప్రతి శుక్రవారం అడుగంటా వంచేసి, తోమి, ఎండబెట్టాలి. లేకపోతే నిలవనీళ్ళలో దోమపిల్లలు పుడతాయి, జ్వరాలు వస్తాయి. శుక్రవారమే ఎందుకంటే, అతనికి ఆ రోజు క్లాసులు లేవు.

"అర్థమైందా?" అనేవాడు చివర్లో.

"అర్థమైంది బాబూ!" అనేవాళ్ళు అందరూ. మధ్యలో వచ్చి కూర్చున్న సర్పంచి అందరికన్నా గట్టిగా అనేవాడు.

గురువుగారు స్వయంగా చూడ్డానికి వచ్చిన రోజు కూడా శుక్రవారమే. హేమసుందర్ కొత్త నల్ల ప్యాంటు వేసుకొచ్చాడు. బడి గోడకి ఆనుకుని, బొమ్మలు చూపించి, చెయ్యి తిప్పుతూ మాట్లాడాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. తన మాట రుచించిందనుకున్నాడు.

"అర్థమైందా?"

"అర్థమైంది బాబూ!"

తరవాత ఇద్దరూ ఊళ్ళోకి నడిచారు. ప్రతి ఇంటి ముందూ గోలెం నిండుగా ఉంది. నీళ్ళలో దోమపిల్లలు సుఖంగా ఈదుతున్నాయి.

హేమసుందర్ మొహం మాడిపోయింది. "చూశారా సార్! అందరికీ అర్థమవుతుంది, ఒక్కరూ చెయ్యరు. ఈ మనుషుల్ని ఎలా మార్చాలి సార్?"

సన్యాసిరావు జేబులోంచి అరటిపండు తీశారు. వొలిచారు. మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుని, శిష్యుడి భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఆప్యాయంగా ఏదో అన్నారు.

"అర్థమైంది సార్," అన్నాడు హేమసుందర్ కళ్ళు చెమర్చి. "చాలా థాంక్స్ సార్."

గురువుగారు తాపీగా మింగారు. "ఏమన్నాను?"

"మరి... ప్రసంగం బాగుందని..."

"నీ ప్యాంటు వెనకంతా సున్నం అన్నాను."

హేమసుందర్ వెనక్కి తిరిగి తడుముకున్నాడు. చెయ్యి తెల్లబడింది. బడి గోడకి నిన్ననే వెల్ల వేశారట.

పక్క అరుగు మీద చేటలో బియ్యం ఏరుతున్న అప్పలనరసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వూ చూశావా అమ్మా?"

"చూడకేటి బాబూ. అందరం చూసేం."

"చెప్పొచ్చు కదా!"

"నువ్వడగనేదు కదా."

హేమసుందర్ చేతికంటిన సున్నం దులుపుకున్నాడు. తరవాత ఆ అరుగు మీదే కూర్చున్నాడు. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా ప్యాంటుకి కొత్తగా పోయేదేమీ లేదు.

"అమ్మా, ఈ గోలెం ఎందుకు వంచలేదు?"

"శుక్రారం పూట ఇంట్లో గోలెం బోర్లిస్తారేటి బాబూ! లచ్చిమిని బయటికి పొమ్మన్నట్టు కాదేటి?"

"మరి ఇన్నిసార్లూ అర్థమైందన్నారే!"

"అర్థమైంది. నిలవనీళ్ళు, దోమపిల్లలు, జొరాలు. అంతే కదా? చేస్తావా అని నువ్వెప్పుడు అడిగేవు?"

అప్పలనరసమ్మ బియ్యంలో రాయి ఒకటి తీసి విసిరేసింది.

"పోనీ, ఏ రోజైతే వంచుతారు?"

"గురువారం మంచిది. ఎలాగూ శుక్రారానికి ఇల్లు కడుక్కుంటాం. దాంతోపాటే గోలెమూనూ." ఆవిడ పక్కింటి వైపు మెడ సాచింది. "ఏమే పైడితల్లీ, గురువారమైతే వొంపుతావేటి?"

"గురువారమైతే నాకేటి?" అంది లోపలినుంచి గొంతు.

ఆ మాట హేమసుందర్ జీపెక్కేలోగా ఊరి చివరికి చేరింది. సర్పంచి ఎదురొచ్చి, గురువారం సంగతి తను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానన్నాడు.

దారిలో శిష్యుడు పాతపేపరు పరుచుకుని కూర్చున్నాడు. ఉద్యోగం మాట ఎత్తడానికి నోరు రాలేదు. గురువుగారు ఇంకో అరటిపండు వొలిచి, మొత్తం నోట్లో పెట్టుకుని, అతని వైపు తిరిగి ఏదో గొణిగారు.

"అర్థ..." అని నాలుక్కరుచుకున్నాడు హేమసుందర్. ఆయన మింగేదాకా ఆగాడు.

"ఏమన్నారు సార్?"

"నోట్లో పండున్నప్పుడు ఏమీ అనలేదు," అన్నారు సన్యాసిరావు, తొక్క పేపర్లో చుడుతూ. "ఇప్పుడంటున్నాను. నీ ఉద్యోగం ఖాయం."